చలనచిత్రములందు పరజాతి వేషములు

భరతముని నాట్యశాస్త్రములో ఆహార్యాభినయమును వివరించుచు, ఏ దేశపువాని ముఖమునకు ఏ వన్నె పూయవలెనో చెప్పియున్నాడు. శకులకు, యవనులకు, పహ్లవులకు, బాహ్లికులకు గౌరవర్ణము విధించెను. కిరాతులను, బర్బరులను, ద్రవిడులను, పుళిందులను నల్లని వన్నెతో చూపుమనెను. ఆ రెండవ వరుసలోనే ఆంధ్రులును ఉన్నారు. అనగా ఉత్తరదేశపు నటు డెవడైనను మన పూర్వులలో నొకని వేషము కట్టవలసివచ్చినప్పుడు నల్లరంగు పూసికొని రంగస్థల మెక్కెడివాడు. ఇది చదివి మనము కోపగింపవలసిన పని లేదు. ఒకడు మరియొకడుగా కనబడుటయే నాట్యము. రంగు, జుట్టు, వస్త్రము, భూషణము అందులకు సాధనములు మాత్రమే.

కావున పాశ్చాత్య చలనచిత్రములనుగూర్చి కొంతకాలముగా వినవచ్చుచున్న యొక వివాదమును పరిశీలింపబూనుచు, మొదటనే ఒక మాట చెప్పుచున్నాము. రంగు పూసికొనుట దానంతట అది దోషము కాదు. గ్రంథకర్త చీనావాడనియో, జపానువాడనియో, హిందూదేశస్థుడనియో స్పష్టముగా వ్రాసిన పాత్రను, ఆ గ్రంథము తెరకెక్కునప్పుడు తెల్లజాతి నటుని కిచ్చు ఆచారమును ఇంగ్లీషువారు 'వైట్‌వాషింగ్' అనుచున్నారు. మన మాటలలో సున్నము కొట్టుట యనవచ్చును. కొన్నిచోట్ల నటునికి రంగు పూసి పాత్రయొక్క జాతిని నిలుపుదురు. కొన్నిచోట్ల పాత్రయొక్క జాతినే మార్చివేయుదురు. దోషమును రంగులో వెదకినంతకాలము ఈ వాదము తెగదు. రంగు వెనుక మూయబడిన తలుపు ఒకటి కలదు. దానిని ఎవరు మూసిరి, ఎట్లు మూసిరి, మూసినవారు ఏమని సమాధానము చెప్పుకొనిరి అను ప్రశ్నలే ముఖ్యములు. ఈ ప్రశ్నలకు ఉత్తరము దొరకు ప్రసిద్ధోదాహరణము నొకదానిని ఇచ్చట వివరించెదము. అది 1937వ సంవత్సరమున విడుదలయైన 'ది గుడ్ ఎర్త్' అను చిత్రము కథ.

ఈ పేరుగల నవలను పెర్ల్ బక్ అను అమెరికా స్త్రీ 1931లో ప్రకటించెను. ఆమె 1892లో అమెరికాలో పుట్టినను, క్రైస్తవ మతప్రచారకులైన తలిదండ్రులతో శైశవముననే చీనాదేశమునకు పోయి, అచ్చటనే పెరిగి, ఇంగ్లీషుతోపాటు చీనాభాషయు నేర్చినది. వాంగ్ లుంగ్ అను పేదరైతుయొక్కయు, వాని భార్య ఓలాన్‌యొక్కయు జీవితమే ఈ నవల. ఓలాన్ ఒక గొప్పయింట దాసిగా పెరిగినది. రూపవతి కాదు, మాటకారి కాదు. పెండ్లియైన నాటినుండి భర్తతో సమముగా పొలములో పనిచేయును. ప్రసవవేదన వచ్చినప్పుడు ఒంటరిగా ఇంటిలోనికి పోయి బిడ్డను కని, మరల పొలమునకు వచ్చును. కరవు వచ్చి కుటుంబము దక్షిణపు పట్టణమునకు వలసపోయినప్పుడు, బిచ్చమెత్తుట యెట్లో పిల్లలకు నేర్పును. భాగ్యము కలిసివచ్చిన పిమ్మట భర్త లోటస్ అను వెలయాలిని రెండవ భార్యగా తెచ్చి, ఓలాన్ ప్రాణముతో సమముగా దాచుకొన్న రెండు ముత్యములనుకూడ అడిగి తీసికొనిపోవును. ఓలాన్ ఒక్కమాటయైన అనక బట్టలుతుకుచునే యుండును. కన్నీరు మాత్రము జారుచుండును. ఆ మౌనమే గ్రంథమునకు ప్రాణము.

ఈ నవలకు 1932లో పులిట్జర్ బహుమానము వచ్చెను. 1938లో రచయిత్రికి నోబెల్ బహుమానము లభించెను. అమెరికాలో ఆనాడు చీనావారి స్థితి యెట్టిదో తెలిసినగాని ఈ గ్రంథముయొక్క విలువ తెలియదు. చీనా కూలీలు ఆ దేశమునకు రాకూడదని 1882లోనే శాసనము చేసిరి. అమెరికాలో పుట్టిన చీనావాడైనను విదేశమునకు పోయిరావలెనన్నచో, మరల అడుగుపెట్టుటకు ముందుగా పత్రము సంపాదించుకొనవలసియుండెను. కథలలోను, చిత్రములలోను చీనావాడనగా కుట్రలు పన్ను దుర్మార్గుడో, బట్టలుతుకు హాస్యగాడో. అట్టి పాఠకులకు పెర్ల్ బక్, చీనారైతును తమవలెనే ఆకలిగొని, ఆశపడి, పొరబడు మనుష్యునిగా చూపినది.

మెట్రో గోల్డ్విన్ మేయర్ అను ప్రసిద్ధసంస్థ ఈ నవలను తెరకెక్కింపబూనెను. ఇర్వింగ్ థాల్బర్గ్ నిర్మాత. ఈ విషయమున వారు చూపిన శ్రద్ధ సామాన్యము కాదు. మనుష్యులను చీనాకు పంపి పల్లెదృశ్యములను చిత్రింపించి తెచ్చుకొనిరి. సేద్యపు పనిముట్లు, ఇంటిసామానులు, బట్టలు ఓడలమీద దిగుమతి చేసికొనిరి. కాలిఫోర్నియాలో చాట్స్‌వర్త్ అనుచోట 500 ఎకరముల నేలను చీనాపల్లెగా మార్చి పైరుపెట్టిరి. నాగలి చీనాది, కుండ చీనాది, గుడిసె చీనాది. నాగలి పట్టినవాడు మాత్రము పాల్ మ్యూనీ. ఆయన ఆనాటి ఆస్ట్రియా సామ్రాజ్యములోని లెంబర్గ్ పట్టణమున యూదుకుటుంబములో పుట్టి, అమెరికాలో యిద్దిష్ నాటకశాలలయందు పేరుగన్న గొప్పనటుడు. కుండ మోసిన ఓలాన్, లూయీజ్ రైనర్. ఆమె జర్మనీలో పుట్టి, వియన్నా రంగస్థలమున పేరు తెచ్చుకొని, అమెరికాకు వచ్చిన నటి. లోటస్ వేషము కట్టిన టిల్లీ లోష్ వియన్నాకు చెందిన నర్తకి. కుండవిషయమున కల్పన పనికిరాదని తలచినవారికి మనుష్యులవిషయమున కల్పనయే మేలని తోచినది. ఇది యెట్లు సంభవించెను?

ఆనాడు హాలీవుడ్‌లో చీనానటీమణులు లేరనుటకు వీలులేదు. అన్నా మే వాంగ్ 1905లో లాస్ ఏంజెలెస్ నగరమున పుట్టినది. తండ్రి బట్టలుతుకు దుకాణము నడపుకొనుచుండెను. ఆయనయు అమెరికాలోనే పుట్టినవాడు. ఆమె పదునేడవయేట, 1922లో, 'ది టోల్ ఆఫ్ ది సీ' అను చిత్రమున నాయికగా నటించెను. రంగులలో తీసిన తొలి కథాచిత్రములలో అది యొకటి. 1924లో 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్' అను చిత్రముచే ఆమె పేరు దేశదేశములకు పాకెను. 1928లో ఐరోపాకు పోయి బెర్లిన్, లండన్ నగరములలో నటించి మెప్పు పొందెను. 1932లో 'షాంఘై ఎక్స్‌ప్రెస్' చిత్రమున మార్లీన్ డీట్రిచ్ సరసన నిలిచి ఏమాత్రము వెలవెలపోలేదు. కాని ఆమెకు వచ్చిన వేషములెట్టివి? దాసి, వెలయాలు, విషము పెట్టునది, లేక తెల్లవానిని ప్రేమించి కడకు ప్రాణము విడుచునది. తెల్లవానికిని ఆసియాస్త్రీకిని వివాహము చూపుటకు వీలులేదు గనుక, కథ ముగియుటకు ఆమె చావుతప్ప వేరుదారి లేకుండెను. నాయికగా నటించిన తొలిచిత్రముననే ఆమెను సముద్రములో ముంచిరి.

ఇట్టి నటికి ఓలాన్ పాత్ర యెంత విలువైనదో చెప్పనక్కరలేదు. చీనాస్త్రీ తల్లిగా, ఇల్లాలిగా, సంసారమునకు వెన్నెముకగా నిలుచు కథ పెద్దయెత్తున అమెరికాలో తెరకెక్కుట అదియే మొదలు. ఆమె ఆ పాత్రను కోరినది. పత్రికలును ఆమె పేరే చెప్పినవి. ఐనను అది ఆమెకు రాలేదు. ఇచ్చటనే ఈ కథలోని ముఖ్యవిషయ మున్నది. ఆమెను వలదన్నవాడు ఇతడే యని ఒక్కనిని వ్రేలుపెట్టి చూపుటకు వీలులేదు. ఒకరి వెనుక నొకరు నిలిచి, అడిగినప్పుడెల్ల తమ వెనుకవారిని చూపిరి.

మొదట నిర్మాత. చీనా నటులతోనే చిత్రమంతయు తీయవలెనని థాల్బర్గ్ తొలుత ఊహించెననియు, అమెరికా ప్రేక్షకులు దానికి సిద్ధముగా లేరని ఆ యూహను విడిచెననియు చిత్రచరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. ఆయన ప్రేక్షకులను చూపెను. అంత ధనము వెచ్చించు చిత్రమునకు నాయకుడు జగత్ప్రసిద్ధుడు కావలెను; ప్రసిద్ధులలో చీనానటుడు లేడు; కనుక మ్యూనీ. ఈ తర్కములో ఒక లోపమున్నది. ప్రసిద్ధి యెట్లు వచ్చును? గొప్పపాత్రలవలన వచ్చును. గొప్పపాత్రలు ఎవరికిత్తురు? ప్రసిద్ధులకు. ఈత వచ్చినగాని నీళ్లలో దిగనీయమనియు, నీళ్లలో దిగనివానికి ఈత రాదనియు చెప్పుట యిట్టిదే. అదియుగాక, ప్రేక్షకులు ఒప్పుకొనరనుట అనుభవమునకును సరిపడదు. సెస్సూ హయకావా అను జపానునటుడు 1915లో 'ది చీట్' అను చిత్రముతో అమెరికాలో అత్యంత ప్రసిద్ధినొంది, 1918లో సొంత చిత్రసంస్థనే స్థాపించెను. అమెరికా ప్రేక్షకులు డబ్బిచ్చి అతనిని చూచిరి. ఇరువది సంవత్సరముల పిమ్మట వారినే సాకుగా చూపిరి. వారిని అడిగినవా రెవరును లేరు.

రెండవది నీతినియమావళి. అమెరికా చిత్రనిర్మాతల సంఘము 1930లో ఒక నియమావళిని అంగీకరించెను. 1934నుండి అది కఠినముగా అమలునకు వచ్చినది. తెల్లజాతివారికిని నల్లజాతివారికిని స్త్రీపురుషసంబంధమును చూపరాదను నిషేధము అందొకటి. అక్షరములలో నల్లజాతివారి ప్రసక్తియే యున్నను, ఆచరణమున దానిని ఆసియావారికిని వర్తింపజేసిరి. ఇప్పుడు చదువరులు ఒక విశేషమును గమనింపవలెను. ఈ కథలో భర్తయు చీనావాడే, భార్యయు చీనాస్త్రీయే. ఐనను భర్తవేషమును తెల్లవాడు కట్టుచున్నాడు గనుక, భార్యవేషమును చీనాస్త్రీ కిచ్చినచో తెరమీద తెల్లవానికిని చీనాస్త్రీకిని దాంపత్యము కనబడునని శంక కలిగినది. పాత్రల జాతిని విడిచి నటుల జాతిని చూచినారు. 'ఇతడు చీనావాడని నమ్ముడు' అని లోకమును కోరినవారే లోలోపల నమ్మలేదు. మొదటి అన్యాయము రెండవ అన్యాయమును ఇట్లు విధిగా చేసెను. నాయకుని ఎన్నుకొన్ననాడే నాయికకు తలుపు మూయబడెను.

ఇంతకన్న విచిత్రము మరియొకటి యున్నది. ఈ దంపతుల పెద్దకుమారుని వేషము కట్టిన కీ లూక్ నిజముగా చీనావాడు. కాంటన్ నగరమున పుట్టినవాడు. తెల్లవారైన తల్లికిని తండ్రికిని చీనాకుమారుడు కలుగుట నియమావళికి విరుద్ధముగా తోచలేదు. ఇతడే 1935నుండి 'చార్లీ చాన్' కథలలో చీనా అపరాధపరిశోధకుని జ్యేష్ఠపుత్రుడుగా నటించుచుండెను. అచ్చట తండ్రివేషము స్వీడన్‌లో పుట్టిన వార్నర్ ఓలండ్‌ది. చీనావానికి కుమారుడుగా నుండు యోగ్యతయే గాని తండ్రిగా, పెద్దగా, ఇంటియజమానిగా నిలుచు యోగ్యత లేదని ఈ యేర్పాట్లు మాటలతో చెప్పకయే చెప్పినవి.

మూడవది దేశశాసనము. నియమావళి యెందుకిట్లున్నదని అడిగినచో, దేశములోని చట్టమును చూపవచ్చును. ఆనాటి కాలిఫోర్నియాలో తెల్లవారికిని చీనావారికిని వివాహము చెల్లదు. 1948లో గాని ఆ రాష్ట్రపు ఉన్నతన్యాయస్థానము ఆ శాసనమును కొట్టివేయలేదు. చట్టమును చేసినవారు మరల జనాభిప్రాయమునే చూపుదురు. ఆ జనులు ఎవరు? మొదట థాల్బర్గ్ చూపిన ప్రేక్షకులే. గొలుసు తిరిగి తిరిగి తన తోకనే పట్టుకొన్నది.

నాల్గవది మిక్కిలి దుఃఖకరము. చీనాదేశపు గౌరవమునకు భంగము కలుగకుండ చూచుటకై నాంకింగ్ ప్రభుత్వమువారు ఈ చిత్రవిషయమున జోక్యము కలిగించుకొనిరి. వారును అన్నా మే వాంగ్‌యెడ సుముఖులు కారు. దాసీవేషములు, వెలయాలివేషములు కట్టి చీనాస్త్రీల మర్యాదను పోగొట్టినదని ఆ దేశపు పత్రికలు ఆమెను నిందించుచుండెను. ఆమెకు ఆ వేషములుతప్ప మరియెవ్వియు ఇయ్యలేదన్న మాటను వారు పాటింపలేదు. అమెరికాలో ఆమె చీనాస్త్రీ. చీనాలో ఆమె అమెరికాస్త్రీ. 1932లో 'ది సన్-డాటర్' అను నాటకమును తెరకెక్కించినప్పుడు, ఆమె మరీ చీనాదానివలె నున్నదని త్రోసివేసి హెలెన్ హేస్‌కు చీనావేషము కట్టించిరని చెప్పుదురు. చీనావారి వేషమునకు చీనాపోలిక అడ్డువచ్చుట!

కడకు ఆమెను లోటస్ పాత్రకు అడిగిరి. ఓలాన్ ముత్యములను అపహరింపజేసిన వెలయాలి పాత్ర అది. తెల్లవారందరును చీనావారి మంచిపాత్రలను ధరించుచుండగా, చీనారక్తము గల తన్ను మాత్రము చెడ్డదానిగా నిలువుమనుట న్యాయముగా తోచలేదని ఆమె భావము. ఆ పాత్రయు ఆమెది కాలేదు. 1936 జనవరిలో ఆమె ఓడ యెక్కి, తాను చూడని తాతలనాటి దేశమును చూచుటకు చీనాకు పోయెను.

థాల్బర్గ్ 1936 సెప్టెంబరులో మరణించెను. చిత్రమును ఆయనకే అంకితము చేసిరి. 1937 జనవరిలో అది విడుదలయై గొప్పకీర్తి పొందెను. ఓలాన్ పాత్రకు లూయీజ్ రైనర్ ఆస్కార్ బహుమానము నందుకొనెను. ముందటియేడు మరియొక చిత్రమునకు అట్టిదే అందుకొనియుండుటచే, వరుసగా రెండేండ్లు దానిని పొందిన తొలినటి ఆమెయే యయ్యెను. ఆమె నటన తక్కువదని మేము చెప్పబోము. మాటలు తగ్గించి కన్నులతోను, వంగిన భుజములతోను ఓలాన్‌ను చూపుటకు ఆమె పడిన శ్రమ తెరమీద కనబడుచునే యున్నది. 2014లో, 104 సంవత్సరములు నిండి ఆమె చనిపోయెను. ఆమెను దోషిగా నిలుపుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము కాదు. మ్యూనీయు దోషి కాడు. ఒక్కొక్కనిని విడిగా చూచినచో దోషి యెవడును లేడు. అందరును కలిసి చేసిన కార్యము మాత్రము ఒక స్త్రీయొక్క జీవితమునకు తలుపు మూసెను.

ఇచ్చట ఒక పూర్వపక్షము పుట్టును. నటుడు తాను కానిదానిని అగుటయే కళ యైనప్పుడు, చీనావారి వేషము చీనావారే కట్టవలెననుట కళకు సంకెల వేయుట కాదా? మన స్థానం నరసింహారావుగారు పురుషుడై యుండియు సత్యభామగా నటించి ఆంధ్రదేశమును ఓలలాడింపలేదా? ఈ ప్రశ్న ఉపేక్షింపదగినది కాదు. భరతముని పాత్రధారణమును మూడువిధములుగా విభజించెను. వయస్సునకును రూపమునకును తగినది అనురూప. బాలుడు వృద్ధుని, వృద్ధుడు బాలుని వేషము కట్టుట విరూప. పురుషుడు స్త్రీవేషమును ధరించుట రూపానుసారిణి. మూడవదానిని కళగానే అంగీకరించెను. అంతేకాదు, స్త్రీలును పురుషపాత్రలను ధరింపవచ్చునని చెప్పెను. ఇచ్చిపుచ్చుకొనుట రెండువైపుల నున్నది.

ఇదియే మా సమాధానము. స్థానంవారి కళ గొప్పది. ఆ కళ వికసించిన కాలమున కులస్త్రీలకు రంగస్థలము నిషిద్ధమై యుండుటయు నిజము. మొదటిదానిని మెచ్చుకొనుటకు రెండవదానిని మరువవలసిన పని లేదు. అట్లే మ్యూనీ వాంగ్ లుంగ్ కావచ్చును. ఐనచో కీ లూక్ ఏ ఇంగ్లీషు ప్రభువుగానో, అన్నా మే వాంగ్ ఏ ఫ్రెంచి రాణిగానో నిలువగలుగవలెను. ఆ దినములలో అది ఊహకైన అందని మాట. ఒకజాతివారికి లోకములోని వేషములన్నియు చెల్లును, మరియొకజాతివారికి తమ సొంతవేషమైనను చెల్లదు అన్నప్పుడు దానిని కళాస్వాతంత్ర్యమని పిలుచుట తగదు. అది గుత్తాధికారము.

ఈ గుత్తాధికారమునకు హిందూదేశముతోగూడ సంబంధమున్నది. మెర్ల్ ఓబరాన్ అను నటి 1911లో బొంబాయిలో పుట్టి కలకత్తాలో పెరిగినది, ఆమెది మిశ్రమవంశము. ఇంగ్లండునకును, పిమ్మట హాలీవుడ్‌కును పోయి ప్రసిద్ధినొంది, 1935వ సంవత్సరపు చిత్రమునకు ఉత్తమనటీబహుమానపు పోటీలో నిలిచెను. కాని ఆమె తాను టాస్మేనియాలో పుట్టితినని జీవితమంతయు చెప్పుకొనవలసివచ్చెను. 1979లో ఆమె చనిపోయిన తరువాతనే నిజము లోకమునకు తెలిసినది. తన ముఖమును దాచనిదానికి తలుపు మూసిరి. తలుపు తెరచుకొన్నదాని చేత తన పుట్టుకను దాచిపెట్టించిరి. సున్నము గోడలకే కాదు, మనుష్యుల జన్మమునకును కొట్టవచ్చునని దీనివలన తెలియుచున్నది.

చీనావారిపై నిషేధశాసనమును అమెరికా 1943లో రద్దుచేసెను. చీనా ఆనాడు యుద్ధములో దానికి మిత్రదేశము. ఐనను మరుసటియేడు, 1944లో, పెర్ల్ బక్‌దే యైన 'డ్రాగన్ సీడ్' అను నవలను అదే సంస్థ తెరకెక్కించినప్పుడు, చీనారైతుపిల్ల వేషమును కాథరిన్ హెప్బర్న్ కట్టెను. శాసనము పోయినను అలవాటు పోలేదు. 1961లో 'బ్రేక్‌ఫాస్ట్ ఎట్ టిఫనీస్' అను నవలాచిత్రమున మికీ రూనీ కృత్రిమదంతములు పెట్టుకొని జపానువానిగా నటించి నవ్వించెను. అదే సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీన అన్నా మే వాంగ్ తన యేబదియారవయేట మరణించెను. 'ఫ్లవర్ డ్రమ్ సాంగ్' అను చిత్రమున ఒక గౌరవనీయమైన పెద్దింటి స్త్రీపాత్ర ఆమె కొరకు సిద్ధముగా నుండెను. చీనారచయిత వ్రాసిన నవల నాటకమై, చిత్రమైన కథ అది. ఆసియానటులే అధికముగా నున్న ఆ చిత్రము విడుదలయగునాటికి ఆమె లేదు. 2022లో అమెరికా ప్రభుత్వము తన పావుడాలరు నాణెముపై ఆమె ముఖమును ముద్రించినది. నాణెము మంచిదే; ఓలాన్ పాత్ర మాత్రము తిరిగిరాదు.

గొలుసు ఎంత పొడవైనను ఒక లంకె తెగినచో చాలును. 2017 ఆగస్టులో ఎడ్ స్క్రైన్ అను ఇంగ్లీషునటుడు, 'హెల్‌బాయ్' అను బొమ్మలకథాచిత్రమున తనకిచ్చిన పాత్ర మూలకథలో ఆసియావంశజునిదని తెలిసినంతనే దానిని విడిచిపెట్టెను. ఆ పాత్ర డానియల్ డే కిమ్ అను కొరియావంశజునకు వచ్చినది. ఆ యేడే జపాను బొమ్మలకథయైన 'ఘోస్ట్ ఇన్ ది షెల్' చిత్రమున స్కార్లెట్ జొహాన్సన్ నాయికయగుటను ఎందరో ఆక్షేపించియుండిరి. సింగపూరులో పుట్టిన కెవిన్ క్వాన్ తన 'క్రేజీ రిచ్ ఏషియన్స్' నవలను చిత్రమునకిచ్చునప్పుడు, నాయికను తెల్లస్త్రీగా మార్చుమన్న ఒక నిర్మాత మాటను త్రోసివేసి, కథపై తన మాట చెల్లునట్లుగా మొదట ఒక్క డాలరునకే హక్కునిచ్చెను. 2018లో వచ్చిన ఆ చిత్రము 23 కోట్ల డాలర్లకు పైగా ఆర్జించెను. ప్రేక్షకులు సిద్ధముగా లేరన్న మాటకు ప్రేక్షకులే సమాధానము చెప్పిరి.

దూరదేశపు చిత్రములనుగూర్చి ఇంతగా వ్రాయుటకు కారణమున్నది. 'ప్రేక్షకులు ఒప్పుకొనరు' అను మాట మనకు క్రొత్తది కాదు. మన యిండ్లలో దానికి 'నలుగురేమనుకొందురో' అని పేరు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు తొలి వితంతువివాహమును చేయించినప్పుడు, లోలోపల సమ్మతించినవారు పెక్కుమంది యుండియు పెండ్లిపందిరికి రాలేకపోయిరి. ప్రతివానికిని తాను మంచివాడే, భయము నలుగురినిగూర్చి. ఆ నలుగురిలో తానొకడని ఎవడును తలపడు. కోడలిని ఏరుకొనునప్పుడు 'మాకేమియు అభ్యంతరము లేదు, పిల్ల చామనచాయయైనను బాగుండెడిది' అనువారు థాల్బర్గ్ వాదమునే పెరటిభాషలో చెప్పుచున్నారు.

ఆ నలుగురు ఎల్లప్పుడును కల్పితులు కారు. మలయాళములో తొలిచిత్రమైన 'విగతకుమారన్'ను జె. సి. డానియల్ తీసినప్పుడు, పి. కె. రోజీ అను పులయకులపు స్త్రీ నాయరుకన్యగా నటించెను. తిరువనంతపురమున చిత్రమును ప్రదర్శింపగా పెద్దకులములవారు రేగి తెరపై రాళ్లు రువ్విరి. ఆమె యింటికి నిప్పు పెట్టిరి. ఆమె తమిళదేశమునకు పారిపోయి పేరు మాపుకొని బ్రతికినది. అచ్చట నిర్మాత ధైర్యము చూపెను. నటి ధైర్యము చూపెను. తలుపును మూసినవారు ప్రేక్షకులే. హాలీవుడ్‌లో ప్రేక్షకుల పేరు చెప్పి చేసినదానిని, తిరువనంతపురమున ప్రేక్షకులు తమ చేతులతో చేసిరి.

కావున ఈ విషయమున నిర్మాతలను నిందించి ఊరకుండుట చాలదు. మన పేరుమీద జరుగు అన్యాయములో మన మౌనమును సమ్మతిగా లెక్కవేయుదురు. మన పత్రికలలో, మన సభలలో, భోజనముల వేళ మన పిల్లలతో మాటలాడునప్పుడు, ఒక చిత్రములో ఎవరి కథను ఎవరు చెప్పుచున్నారు, ఎవరి ముఖము కనబడకున్నది అని అడుగు అలవాటు చేసికొందము. నల్లనివాడు నాయకుడైనను, కొండజాతిపిల్ల తన కథలో తానే నాయికయైనను మేము చూతుము, డబ్బిచ్చి చూతుము, మెచ్చుకొందుము అని మనము చెప్పిననాడు, నలుగురి పేరు చెప్పి తలుపు మూయువాని చేతిలో గడియ యుండదు. ఆ నలుగురును మనమే.